నడవలోని దూలం

ఊరి చివర పాడుబడిన మేడ తన తాతదేనని, తాను అందులోనే పుట్టి పెరిగానని షావుకారు కోనప్ప దబాయించాడు. కాదనడానికి ఆ ఇంటివాళ్లెవరూ మిగల్లేదు. తీర్పు చెప్పడానికి మంత్రి వచ్చాడు.

ఇన్నేళ్లుగా ఆ మేడను ఒక్కతే ఊడ్చుకొస్తున్న పనిమనిషి ఈరమ్మ, "షావుకారుగారూ, ముందు నడిచి, మీరు పుట్టిన గది చూపించండి" అంది.

కోనప్ప రొమ్ము విరుచుకుని చీకటి నడవలోకి నడిచాడు. కిందికున్న దూలం నుదుటికి ఠపీమని తగిలింది. వెనకే వచ్చిన ఈరమ్మ తలెత్తి చూడకుండానే వంగింది.

"ఇక్కడ పెరిగినవాళ్లెవరూ ఈ చోట వంగకుండా నడవరు దొరా!" అంది మంత్రితో.

కోనప్ప నుదురు పట్టుకుని జారుకున్నాడు.

"నీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు మంత్రి.

"ఈ ఇంటి అమ్మగారు. నేనొస్తుంటే 'ఈరీ, తల జాగ్రత్తే!' అని లోపల్నుంచి కేకేసేవారు. ఆవిడ పోయాక నాకు నేనే చెప్పుకుంటున్నాను."