పురిటి పక్కలో పల్చనయ్య

మిరప చేల చివర ఒక పశువుల కొట్టం ఉండేది. సగం కప్పు తాటాకు, సగం రేకులు. పొద్దున్నే తాటాకు సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలి నేల మీద పడుతుంటే, ఎవరో లోపల పసుపు చల్లి వెళ్ళినట్టుండేది. మనుషుల లెక్కలో అది కొట్టమే. అందులో కాపురముండేవాళ్ళకి మాత్రం అదొక ఊరు.

ఆ ఊరికి పెద్ద బూడిదయ్య, ముసలి ఎద్దు. ఏదైనా అడిగితే నెమరు ఆపి, మింగి, అప్పుడు జవాబు చెప్పేవాడు. గోడ కన్నంలో గింజాలమ్మ అనే పిచ్చుక ఉండేది. ఆవిడ నోట్లో గింజా నిలవదు, మాటా నిలవదు. చూరు పైన టౌనుబాబు అనే కాకి. రోజూ బస్టాండు దాకా వెళ్ళొస్తాడని ఆ పేరు పెట్టారు. గింజాలమ్మ గోడకి దూలం ఆనుకునే మూలలో చారలమ్మ అనే ఉడుత కాపురం. ఇంటి శుభ్రమంటే చారలమ్మదే. చింతగింజ తొక్క కూడా లోపల పడనిచ్చేది కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోకతో ఊడ్చుకునేది.

ఆ వేసంగిలో చారలమ్మ కడుపుతో ఉంది. తొలిచూలు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఎవరు కడుపుతో ఉన్నా పురిటి పక్కకి ఇంటికింత మెత్తటిది ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని అలాగే పక్కలో పెట్టుకోవాలి. దులపకూడదు. దులిపారంటే ఇచ్చినవాళ్ళ ఇల్లు మురికి అని మొహం మీద అన్నట్టే.

బూడిదయ్య తన తోక కుచ్చు లాక్కోమన్నాడు. గింజాలమ్మ తన రొమ్ము ఈకలు ఇచ్చింది. టౌనుబాబు ముక్కు నిండా తెల్లటి దూది పట్టుకుని దిగాడు.

"చెల్లెమ్మా, ఇదేమన్నా మామూలు దూదనుకున్నావా? లాడ్జి పరుపులోది. రోడ్డు మీద పడేశారు. ఎంతెంత పెద్దవాళ్ళు పడుకున్న పరుపో!"

"పెద్దవాళ్ళు పడుకున్నదాన్ని రోడ్డు మీదెందుకు పడేశారన్నా?" అంది గింజాలమ్మ కన్నంలోంచి.

"గొప్పవాళ్ళు పారేస్తారమ్మా. దానికి మళ్ళీ కారణం కావాలా?"

చారలమ్మ ఆ దూదిని కళ్ళకద్దుకుంది. మబ్బు తునకని చేతిలో పెట్టుకున్నట్టుంది ఆమెకి. వెళ్ళి పక్క మధ్యలో పరిచింది.

కొన్నాళ్ళకి ఒంటి మీద దద్దుర్లు లేచాయి. వరసగా, ఎవరో గీత గీసి దాని మీద బొట్లు పెట్టినట్టు. దోమలే అనుకుంది చారలమ్మ. వేపాకు తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఏం తగ్గలేదు. ఒక ఉదయం పక్క సర్దుతుంటే దూది మడతల్లో నల్లటి చుక్కలు కనిపించాయి, సిరా చిలికినట్టు. మడత విప్పింది. లోపలినుంచి గోధుమరంగువాడొకడు నింపాదిగా నడిచొచ్చాడు. నొక్కి పెట్టిన గింజలా బల్లపరుపుగా ఉన్నాడు.

"నమస్కారం తల్లీ. నిద్ర బాగా పట్టిందా?"

"ఎవరు నువ్వు?"

"పల్చనయ్య అంటారు. నల్లి వంశం."

"నల్లా! నా ఇంట్లోనా! నేను పూటపూటకీ ఊడుస్తాను!"

"చూస్తూనే ఉన్నాను. చాలా బాగా ఊడుస్తావు. కానీ మాకు చెత్తతో పనేముంది తల్లీ? మేం చెత్త తినం కదా. వెచ్చటి ఒళ్ళొకటి, దాక్కోడానికి గీత మందం సందొకటి. శుభ్రమైన ఇల్లయితే మాకూ హాయే."

"ఎలా వచ్చావు లోపలికి?"

"మాకు రెక్కల్లేవు. గెంతడం కూడా రాదు. మోసేవాళ్ళుంటే మాత్రం లోకమంతా మాదే. మా అన్నలు లాడ్జిలో దిగినవాళ్ళ సంచుల్లో ఎక్కి ఎక్కడెక్కడికో పోయారు. నేనూ నా పెళ్ళామూ దూదిలో కూర్చున్నాం, మీ కాకి ఎత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆపి నన్నెవరూ ఏమీ అడగలేదు. పైగా నువ్వు కళ్ళకద్దుకున్నావు."

చారలమ్మకి కోపం తోకదాకా పాకింది. "పో బయటికి! ఇప్పుడే పో!"

"పోతాను. పగలే పోతాను. గింజాలమ్మ గుమ్మం ముందునుంచే నడిచి పోతాను. సాయంత్రానికి చారలమ్మ ఇంట్లో నల్లులని మిరప చేలన్నీ చెప్పుకుంటాయి. రేపు పురుడొస్తే నీ గడప ఎవరు తొక్కుతారో చూసుకో."

ఎవరైనా విన్నారేమోనని చారలమ్మ చప్పున గుమ్మంవైపు చూసింది.

"అందుకే లోపలే ఉంటానంటున్నాను. నా కోసమా? నీ పరువు కోసం." అని పల్చనయ్య మళ్ళీ మడతలోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి చారలమ్మ గుమ్మానికి కొబ్బరి పీచు అడ్డం పెట్టింది. ఎవరొచ్చినా బయటే మాట్లాడి పంపించేది. ఎవరూ చూడకుండా గోక్కునేది. ఊడవడం మాత్రం ఇంకా ఎక్కువైంది. కింద తోక ఆడుతూనే ఉంది, పైన మడతల్లో పల్చనయ్య సంసారం పెరుగుతూనే ఉంది. పెళ్ళాం, పిల్లలు, పిల్లల పిల్లలు. పక్కలో చోటు చాలక కొందరు గోడ చీలికలోకి జరిగారు. ఆ చీలిక అవతలి కొస గింజాలమ్మ కన్నంలో ఉంది.

ఒక పొద్దున గింజాలమ్మ వచ్చి గుమ్మం దగ్గర వాలింది.

"వదినా, అలా చిక్కిపోయావేంటి? నెలలు నిండినదానివి, నిగనిగలాడుతూ ఉండాలి గానీ."

"ఎండలు కదా వదినా."

"ఎండలకి మెడ మీద దద్దుర్లొస్తాయా?"

చారలమ్మకి ఉక్రోషం వచ్చింది. "నీ ఈకలు పక్కలో వేసుకున్నప్పటినుంచే ఇదంతా. ఏ దుమ్ములో దొర్లి వచ్చావో!"

"నా ఈకలా? గుండె మీదవి పీకి ఇచ్చాను నీకు! కాదు, నీ గోడలోంచే నా ఇంట్లోకి..." అని సగంలో ఆగిపోయింది గింజాలమ్మ.

"నీ ఇంట్లోకి ఏంటి?"

"ఏం లేదు."

"ఏంటి వదినా?"

గింజాలమ్మ రెక్క దించింది. దాని కింద ఈకల్లేవు. గోకి గోకి చర్మం ఎర్రగా అయిపోయింది. ఊళ్ళో ఏ మాటనీ పొద్దు గూకేదాకా దాచలేనిది, ఆ ఒక్క మాటని ఇన్నాళ్ళూ మింగేసింది.

కింద బూడిదయ్య నెమరు ఆపాడు. మింగాడు.

"ఇద్దరూ ఒకే దొంగని చెరో గదిలో దాచి కాపలా కాస్తున్నారన్నమాట."

"దొంగేంటి తాతా, గోమార్లేమో!" అంది చారలమ్మ. అప్పటికీ నల్లి అన్న మాట నోటికి రాలేదు.

"గోమార్ల సంగతి నాకు చెప్తావా అమ్మాయ్? పుట్టినప్పటినుంచి మోస్తున్నాను. గోమారి పట్టిందంటే వదలదు, పీకేదాకా అక్కడే ఉంటుంది. తాగేసి పారిపోయి దాక్కునేవాడు ఒక్కడే. పేరు నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

చారలమ్మ తోక కొసని చూసుకుంది. "నల్లులు," అంది. అని ఏడ్చింది. "వాడు చెప్పాడు తాతా, తెలిస్తే నా గడప ఎవరూ తొక్కరని."

"నేను తొక్కాగా ఇప్పుడే!" అంది గింజాలమ్మ.

"తల్లీ, నీ పిల్లలు ఎలా పుడతారు?" అని అడిగాడు బూడిదయ్య.

"ఒంటి మీద వెంట్రుక ఉండదు తాతా. కళ్ళు కూడా తెరవరు. గులాబి రేకుల్లా ఉంటారు."

అన్నాక ఆమెకే అర్థమైంది. ఇంత బొచ్చున్న తనకే ఒళ్ళంతా దద్దుర్లు. రేకుల్లాంటి ఆ పసివాళ్ళని ఆ పక్క మీద పడుకోబెడితే? ఏడుపు ఆగిపోయింది. మిరప చేల మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. దాని వంకే చూసింది. తర్వాత తల ఎత్తింది.

"తాతా, ఈ ఎండల్లో మధ్యాహ్నం రేకుల మీద ఎలా ఉంటుంది?"

"టౌనుబాబుని అడుగు."

పైన చూరు మీంచి టౌనుబాబు తల వంచాడు. ఎప్పటినుంచి వింటున్నాడో. "ఒక కాలు పెడితే రెండో కాలు పెట్టలేం చెల్లెమ్మా." గొంతులో టౌను తగ్గింది. మెడ ఈకలు అక్కడక్కడా ఊడి ఉన్నాయి. "నా గూట్లో కూడా ఉన్నాయి. చెప్పలేక... తెచ్చినవాణ్ణి నేనే కదా."

"అయితే తీసుకెళ్ళేవాడివి కూడా నువ్వే అన్నా," అంది చారలమ్మ. ముగ్గురూ చెవులొగ్గితే గొంతు తగ్గించి చెప్పింది.

మర్నాడు పొద్దెక్కాక చారలమ్మ తన గదిలో నిలబడి గోడకి వినబడేలా మాట్లాడింది.

"వదినా, నేను పురుటికి మా అమ్మగారింటికి వెళ్తున్నాను. మామిడి తోటలో. అక్కడ మా అక్కలు, వాళ్ళ పిల్లలు, పిన్నులు. ఒక్క తొర్రలో ఎంతమందో! ఇల్లంతా వెచ్చగా ఉంటుంది."

"నేనూ వస్తాను వదినా. నాకు మాత్రం ఇక్కడెవరున్నారు? రెండిళ్ళూ ఖాళీ చేసేద్దాం," అంది గింజాలమ్మ గోడ అవతలినుంచి.

"పక్క కూడా తీసుకెళ్తున్నా. టౌనుబాబు అన్న మోస్తానన్నాడు."

మడతలోంచి పల్చనయ్య తల బయటపెట్టాడు. "తల్లీ, మమ్మల్ని కూడా..."

"నువ్వు ఇక్కడే ఉండు. ఖాళీ ఇల్లు నీకే వదిలేస్తున్నా."

"అన్యాయం తల్లీ! ఇన్నాళ్ళు కలిసున్నాం."

"మా అమ్మగారింట్లో పరువు పోతుంది."

"చప్పుడు చెయ్యం. మడతల్లోనే ఉంటాం. ఎవరికీ తెలియనివ్వం, నీకు తెలుసుగా మా సంగతి."

చారలమ్మ మొహం తిప్పుకుని పీచు కోసమన్నట్టు బయటికి వెళ్ళింది. పల్చనయ్య గోడవైపు తిరిగి కేకేశాడు.

"ఒరే, రండిరా! చీలికల్లో ఉన్నవాళ్ళంతా రండి! మోసుకెళ్ళేవాళ్ళు దొరికారు!"

"మావయ్యా, ఇక్కడే ఉంటే ఏం?" అన్నాడు చీలికలోంచి ఒకడు. "తిండి లేకపోయినా నెలల తరబడి ఉండగలం కదా."

"ఉండగలంరా. అక్కడ పెళ్ళి భోజనం పెట్టుకుని ఇక్కడ ఉపవాసాలెందుకు? పెళ్ళాం పిల్లల్ని కూడా ఎక్కించు!"

గోడలోంచి, దూలం పగుళ్ళలోంచి, గింజాలమ్మ కన్నంలోంచి వరసగా వచ్చారు. ఆలస్యమైనవాళ్ళు ముందువాళ్ళ మీదనుంచి ఎక్కి మడతల్లోకి దూరారు. పల్చనయ్య అందరికన్నా మంచి చోటు, దూది నడిమధ్యలో కూర్చున్నాడు.

చారలమ్మ వచ్చి పక్కని ఉండలా చుట్టింది. టౌనుబాబు దాన్ని ముక్కుతో పట్టుకుని ఎగిరాడు.

దూదిలో పల్చనయ్య కళ్ళు మూసుకున్నాడు. గాలి ఊపుతోంది. లోకంలో తన కోసం కష్టపడేవాళ్ళు ఇంతమంది ఉన్నారే అని మురిసిపోయాడు. అంతలో ధబ్బున దిగారు.

"అప్పుడే వచ్చేశామా టౌనుబాబూ?"

"వచ్చేశాం. దిగండి."

"ఇక్కడెవరూ లేరే. వెచ్చటి ఒళ్ళేవీ?"

"వెచ్చదనం కావాలన్నారుగా. కాసేపు కూర్చోండి, చాలా వస్తుంది."

అది రేకుల కప్పు నడినెత్తి. పైన నీడనిచ్చే కొమ్మ లేదు. టౌనుబాబు ముక్కుతో ఉండని విప్పి, పలచగా పరిచి, గాల్లోకి లేచాడు. దూదికి పైనుంచి ఎండ, కిందనుంచి రేకు వేడి తగిలాయి. మడతల్లో కలకలం లేచింది. కొందరు బయటికి పరుగెత్తి, రేకు మీద అడుగు పెట్టి, మళ్ళీ లోపలికి వచ్చారు. లోపలా అంతే ఉంది.

"చారలమ్మా! ఇదేనా మీ అమ్మగారిల్లు?" అని అరిచాడు పల్చనయ్య.

చారలమ్మ చూరు కింద నీడలో కూర్చుని ఉంది. "గుమ్మంలో నిన్నెవరూ ఏమీ అడగలేదన్నావు కదా. నువ్వు కూడా ఎక్కేముందు ఎక్కడికని సరిగ్గా అడగలేదు."

"ఎవరైనా మొయ్యండయ్యా! ఎక్కడికైనా ఫర్వాలేదు, మొయ్యండి!"

ఆ మధ్యాహ్నం ఆ దారిన మోసేవాళ్ళెవరూ పోలేదు. ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది. సాయంత్రానికి దూది ఎప్పటిలాగే తెల్లగా మెరుస్తోంది. అందులో ఏదీ కదలడం లేదు.

బూడిదయ్య మాత్రం పనయిపోయిందనలేదు. "గుడ్లుంటాయమ్మాయ్. సందుల్లో అంటించి పోతారు వాళ్ళు," అన్నాడు. మట్టిగూళ్ళు కట్టే కందిరీగని పిలిపించాడు. ఆవిడ తడిమట్టి ఉండలు తెచ్చి గోడ చీలికలూ, దూలం పగుళ్ళూ పూడ్చుకుంటూ వెళ్ళింది. టౌనుబాబు తన గూడు మొత్తం విప్పి పుల్లపుల్లగా రేకుల మీద ఎండేశాడు. చారలమ్మ కొబ్బరి పీచుతో కొత్త పక్క వేసుకుని, కొద్దిరోజులకి దాన్ని కూడా కొట్టం మూల పడి ఉన్న ఒక తెల్ల సంచి మీద దులిపి చూసింది. గసగసంత పిల్లలు రాలాయి. ఆ పీచూ రేకుల మీదకి వెళ్ళింది. మరోసారి దులిపితే ఏమీ రాల్లేదు.

ఆ తర్వాతే పురుడొచ్చింది. ముగ్గురు పిల్లలు, గులాబి రేకుల్లా. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. ఊరంతా గడప తొక్కింది. గింజాలమ్మ రోజూ తొక్కింది.

టౌనుబాబు చూడ్డానికొస్తూ మళ్ళీ దూది తెచ్చాడు. ఈసారి బూరుగుచెట్టుది. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. వెనక్కి వెళ్ళి తెల్ల సంచి మీద తానే పరిచి, అందరూ చూస్తుండగా ముక్కుతో దులిపాడు.

"ఇక నుంచి ఇచ్చేవాళ్ళే దులిపి ఇవ్వాలి తాతా. అలా పెట్టుకుందాం ఆచారం."

బూడిదయ్య నెమరు ఆపాడు, మింగాడు. "తీసుకునేవాళ్ళు కూడా ఒకసారి దులుపుకోనీ. ఎవరూ ఏమీ అనుకోరు," అన్నాడు.

నీతి: ఇంటికొచ్చిన మూటని గడప బయటే దులిపి చూడాలి; చూడటం మరిచి కుట్టించుకుంటే ఆ పొద్దే పక్కింటికి చెప్పాలి, సిగ్గుపడి దాచిన ప్రతి రోజూ నల్లికి పండగే.