పల్లకీ ఎక్కిన పద్యం

మాణిక్యగిరి సంస్థానంలో విరూపాక్ష కవిగారి గొంతు మహా గంభీరంగా ఉండేది. పద్యం అర్థం కానివాళ్ళందరూ ఆ గొంతు విని ఆయన్ని మహాకవి అనేవారు. రాజుగారు కూడా అలాగే అనుకుని పల్లకీ ఇచ్చారు.

ఒకరోజు పల్లకీ ఎక్కగానే కవిగారు మోసే బోయీలను చూసి మొహం చిట్లించారు.

"ఆ ఓహోం ఓహోం కూతలేమిట్రా? ప్రభువుల మీద నేను రాసిన కొత్త పద్యం పాడుతూ మోయండి."

బోయీల పెద్ద పైడయ్యకు గుండెల్లో రాయి పడింది. నలుగురి అడుగులూ కలిసేది ఆ కూతతోనే. అయినా "చిత్తం బాబూ" అన్నాడు.

పద్యం ఒకచోట పరుగెత్తింది, ఇంకోచోట ఊపిరాడక ఆగిపోయింది. బోయీల కాళ్ళూ అలాగే పరుగెత్తి, అలాగే ఆగాయి. సరిగ్గా కోట గుమ్మం ముందు కవిగారు బురదలో పడ్డారు.

"కావాలనే పడేశారు ప్రభూ! తలా ఇరవై కొరడా దెబ్బలు కొట్టించండి!" అని సభలో గగ్గోలు పెట్టారు.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "తప్పు మా కాళ్ళదే ప్రభూ. తమరి మీద రాసిన పద్యం పాడుతూ మోయమన్నారు కవిగారు; అంత గొప్ప పద్యం తడబడుతుందా? తమరి సొంత బోయీల చేత అదే పద్యం పాడిస్తూ, కవిగారిని కోట చుట్టూ ఒక్కసారి తిప్పించండి. ఆయన పడకపోతే మాకు తలా నలభై దెబ్బలు."

రాజుగారికి ముచ్చటేసింది. "ఎక్కండి కవిగారూ" అన్నారు.

కవిగారు నడుము తడుముకున్నారు.

"పోనీలెండి ప్రభూ, క్షమించేశాను. గాలి చల్లగా ఉంది, నడిచే వెళ్తాను."