‘ఇక చాలు’ బటన్ లేని ఆట

తుమ్మలబయలు అడవికి ఫోన్లు వచ్చిన ఏడాదే పిల్లజంతువుల తలలు కిందికి వంగాయి. ఏనుగుల ఇళ్ళలో తలుపంత టీవీలు, అడవిపందుల ఇళ్ళలో కంప్యూటర్లు. కుందేళ్ళలాంటి చిన్నాచితకా వాళ్ళకు మాత్రం అగ్గిపెట్టెంత ఫోన్లు. వీటన్నిట్లోనూ ఆడుకునేలా పిల్లల ఆటలు తయారుచెయ్యడంలో గిజిగాడు గవరయ్యను మించినవాడు లేడు. గూడు అల్లే ముక్కు కదా, రంగులూ బొమ్మలూ కూడా అంతే ముచ్చటగా అల్లేవాడు. ఒక్కటే లోపం. ఎవరైనా "భేష్" అన్నారంటే ఇక ఒళ్ళు తెలిసేది కాదు.

ఆ సంగతి నక్క నాగభూషణానికి బాగా తెలుసు.

"గవరయ్యా, నీలాంటి పనివాడు మన అడవిలో పుట్టడం మా అదృష్టమయ్యా," అంటూ వచ్చాడు. "పిల్లలకోసం నిధివేట ఆట ఒకటి చెయ్యి. ఫోన్లో ఒక మిణుగురు కనపడాలి. అది ఎటు ఎగిరితే పిల్ల అటు నడవాలి. నిధి ఎర్రగుట్ట దగ్గర పెడదాం."

"అంత దూరమా! పిల్లలు తప్పిపోతే?"

"అందుకేగా నేనున్నది! ఏ పిల్ల ఎక్కడుందో నా ట్యాబ్‌లో చుక్కలుగా కనపడేలా చెయ్యి. కంటికి రెప్పలా కాచుకుంటాను."

గవరయ్య పొంగిపోయి నాలుగు రోజుల్లో ఆట తయారుచేశాడు. తన పెద్ద కంప్యూటర్లో పదిసార్లు ఆడి చూసుకున్నాడు. నక్క తన ట్యాబ్‌లో చూసి "భేష్" అన్నాడు. మర్నాడు పొద్దున్నే విడుదల అనుకున్నారు.

చిన్న ఫోన్లో కూడా ఒకసారి చూద్దామని కుందేలు తాయారమ్మ కూతురు మల్లి చేతికి ఆట ఇచ్చాడు గవరయ్య. ఏమీ చెప్పకుండా పిల్ల వెనకాలే ఎగురుతూ చూడటం అతని పద్ధతి.

మల్లి మిణుగురు వెంట నడిచింది. బొరియలోంచి తల్లి పిలిచింది. పిల్ల వినలేదు. ముళ్ళు గీసుకున్నాయి. చూడలేదు.

"మల్లీ, ‘ఇక చాలు’ అనే బటన్ నొక్కు తల్లీ," అన్నాడు గవరయ్య.

"లేదు మావయ్యా."

"పైన మూలన ఉంటుంది, చూడు."

"లేదంటుంటే!"

తొంగి చూశాడు. నిజమే. పెద్ద తెరమీద మూలన మెరిసే ఆ బటన్ చిన్న ఫోన్లో అంచు దాటి బయటికి పోయింది. తలెత్తి చూస్తే ఎర్రగుట్ట వచ్చేసింది. మిణుగురు ఆగినచోట ఒక గుహ. గుహ ముందు పిట్టల ఈకలు, సన్నసన్న ఎముకలు.

"మల్లీ! వెనక్కి రా!"

"ఒక్క నిమిషం మావయ్యా, నిధి వచ్చేసింది."

గవరయ్య ఫోన్‌ను ముక్కుతో పొడిచి కింద పడేశాడు. అప్పటికి గానీ పిల్ల తలెత్తలేదు. గుహలోంచి నాగభూషణం ఆవులిస్తూ బయటికి వచ్చాడు.

"పరీక్ష చేస్తున్నావా తమ్ముడూ? మంచి పని. పిల్లను తీసుకెళ్ళు. ఒక్కదానికి ఆశపడి రేపు వచ్చే నలభైమందిని పోగొట్టుకుంటానా?"

గవరయ్య మల్లిని రెక్కతో వెనక్కి నెట్టాడు. "అది కాదండీ... ఆట ఆపే బటన్..."

"కనపడటం లేదా? మరీ మంచిది." నక్క గొంతు తగ్గించాడు. "మార్చాలని చూశావో, త్రాచుపాము రోజూ మా ఇంటికొచ్చి నీ గూడు ఏ కొమ్మకుందని అడుగుతున్నాడు. గుడ్లంటే వాడికి ప్రాణం. నేనింకా చెప్పలేదు."

సంగతంతా విని తాయారమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

"వాడంటే నక్క. ఆట చేసింది నువ్వేగా అన్నయ్యా?"

"నేనే. నా పెద్ద తెర చూసుకుని నేనే మురిసిపోయాను."

"అందరికీ చెప్పేద్దాం పద."

"చెబితే నా గుడ్లు పోతాయి. వాడు ఇంకొకడిచేత ఇంకో ఆట చేయిస్తాడు. ఆ ఆట సంగతి మనకు తెలియను కూడా తెలియదు."

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మరేం చేస్తాం?"

"ఆట మార్చానో లేదో వాడు చూడకుండా ఉండడు. కానీ దేంట్లో చూస్తాడు?"

"ట్యాబ్‌లో," అంది తాయారమ్మ మెల్లగా.

పొద్దున్నే గవరయ్య చిన్న ఫోనొకటి పట్టుకుని ఎర్రగుట్టకు వెళ్ళాడు. నక్క ట్యాబ్ తిప్పి తిప్పి చూశాడు. అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి.

"ఈ చిన్న ఫోన్లో కూడా ఒకసారి చూడండి," అన్నాడు గవరయ్య, ఊపిరి బిగబట్టి.

"ఆ అగ్గిపెట్టెలో ఎవడు చూస్తాడోయ్! పోయి విడుదల చెయ్యి."

ఆట విడుదలైంది. చిన్న ఫోన్లలో మిణుగురు పది గెంతులు గెంతి, "నిధి అమ్మ దగ్గరుంది, పో" అని చెప్పి గుమ్మంలోనే నిద్రపోయింది. పిల్లలు నవ్వుకుంటూ లోపలికి పరిగెత్తారు.

నక్క ట్యాబ్‌లో మాత్రం గవరయ్య అల్లిన నలభై ఉత్తుత్తి చుక్కలు బయలుదేరాయి. నాగభూషణం మూతి నాక్కున్నాడు. గుహకు వంద అడుగుల దూరంలో చుక్కలు కుడివైపుకు తిరిగాయి.

"అటు కాదర్రా, ఇటు!" అని లేచాడు. చుక్కల వెంట నడిచాడు. తుమ్మముళ్ళు తోకను పట్టి లాగాయి. చూడలేదు. అడవి గట్టు దాటాడు, ఊరివాళ్ళ వేరుశనగ చేలోకి దిగాడు. ఎక్కడో కుక్క మొరిగింది. వినలేదు. చుక్కలు ఆగాయి.

"దొరికారు!" అని తలెత్తాడు. చుట్టూ నాలుగు కాపలా కుక్కలు.

"ఎవరికోసం వచ్చావు బావా, అంత దీక్షగా?" అంది పెద్ద కుక్క.

నక్క అరుపు గవరయ్య గూడున్న తుమ్మకొమ్మ దాకా వినిపించింది. త్రాచుపాముకు ఆ కొమ్మ గుర్తు చెప్పేవాడు ఇక లేడు. అయినా గవరయ్యకు సంతోషం రాలేదు. వంచిన తల ఎత్తకుండా అలా నడవాల్సింది తన ఆట చేతబట్టిన నలభైమంది పసివాళ్ళేనని తలుచుకుని, గుడ్లమీద కూర్చుని చాలాసేపు వణికాడు.

తుమ్మలబయలు తల్లులు ఈ కథ చెప్పి ఒకే మాట అంటారు: పిల్లల ఆటను అతి చిన్న చేతిలో పెట్టి చూడనివాడు, దాన్ని నక్క చేతిలో పెట్టినట్టే.