ముంత సారా ధర

అనగనగనగా, అటు అడవి, ఇటు ఏరు, నడుమ నేతగాళ్ల పేటలతో అమరకూటమనే పట్టణం ఒకటి ఉండేది. ఆ పట్టణంలో మజ్జిగ కన్నా సారా చవక. అలసినవాడు తాగేవాడు, దిగులు పడ్డవాడు తాగేవాడు, ఏమీ తోచనివాడూ తాగేవాడు.

సారా అంగళ్లు రెండే. ఒకటి దోరిశెట్టిది, రెండోది మంగాయిది. మొగుడు పోయాక మంగాయికి ఆ అంగడే ఆధారం. ఆమె కొలత తగ్గించేది కాదు, నీళ్లు కలిపేది కాదు. తాను ఎవరికీ అన్యాయం చేయడం లేదని ఆమె నమ్మకం.

ఒకనాడు రాజు విక్రమకేతుడు ఏనుగు మీద వీధిలో వస్తున్నాడు. దారికి అడ్డంగా సన్నాసి అనే నేతగాడు తాగి పడి ఉన్నాడు. పక్కనే అతని చిన్నకూతురు కూర్చుని, తండ్రి మొహం మీద ఈగలు తోలుతోంది. అంత ఏనుగు ఎదురుగా నిలబడినా ఆ పిల్ల లేవలేదు.

"పక్కకు జరుగమ్మా," అన్నాడు రాజు.

"నాన్నను లేపలేను," అంది పిల్ల.

ఆ పూట రాజుకు అన్నం సహించలేదు. మర్నాడే దండోరా మోగింది. "ముంత సారా రెండు రూకలకు తక్కువ ఎవరూ అమ్మరాదు! అమ్మినవారి అంగడి నేలమట్టం!"

అంతవరకూ ముంత ధర అందులో నాలుగోవంతే.

ధర పెరిగాక చాలామంది మానుకున్నారు. అంగడి ముందు నిలబడి, నడుముకు కట్టుకున్న సంచి తడుముకుని, "ఎందుకులే" అని ఇంటికి పోయారు. పొద్దుగూకేసరికి గొడవలు వినిపించే ఇళ్లలోంచి అన్నం ఉడికే వాసన వచ్చింది. మంగాయి అంగడి సగం ఖాళీ అయింది. అయినా ఆమె డబ్బుపెట్టె మాత్రం మునుపటికన్నా బరువెక్కింది. తక్కువ సారాకు ఎక్కువ డబ్బు! దోరిశెట్టి వచ్చి, "చూశావా మంగాయీ, రాజు మనకు పండగ చేశాడు," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

కానీ సన్నాసి మానలేదు. మానలేకపోయాడు.

మొదట కోడిపుంజును చంకన పెట్టుకొచ్చాడు. "అక్కా, డబ్బు లేదు. ఇది తీసుకో." మంగాయి తీసుకుని ముంత నింపింది.

మళ్లీ ఇత్తడి బిందె తెచ్చాడు. బిందెలో ఇంకా నీళ్ల తడి ఆరలేదు. మంగాయి ఒక్క క్షణం తటపటాయించింది. తానివ్వకపోతే దోరిశెట్టి ఇస్తాడనుకుంది. తీసుకుని ముంత నింపింది.

మూడోసారి మగ్గం మీది నాడె తెచ్చాడు. దారాన్ని అటూ ఇటూ ఆడించే ఆ నాడె లేకపోతే ఆ ఇంట్లో ఇక బట్ట లేదు, బువ్వ లేదు.

మంగాయి చేతులు వెనక్కి లాక్కుంది. "ఇది తీసుకోను. ఇంటికి పో సన్నాసీ!"

"చేతులు వణుకుతున్నాయక్కా. ఒక్క ముంత."

"పొమ్మన్నానా!"

అతను పోయాడు. ఇంటికి పోలేదు. ఆ నాడెతోనే దోరిశెట్టి పెరటి గుమ్మం దగ్గరికి పోయాడు. రాజుగారి ధర ఇచ్చుకోలేనివాళ్లకు శెట్టి అక్కడ అడవిలో కాచిన దొంగసారా పాత ధరకే పోయిస్తున్నాడు. అందులో ఏం కలిపేవారో తాగినవాడికి తెలియదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సన్నాసి గోడలు తడుముకుంటూ మంగాయి అరుగు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, దీపం పెట్టలేదేం? ఇంత చీకటిగా ఉందేం?"

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మంగాయి అతని చేయి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. పొద్దు వాలకముందే ఆ అరుగు మీదే అతని ప్రాణం పోయింది. ఆ వారంలో పేటలో అలాగే మరికొందరు పోయారు.

కబురు విని వచ్చిన సన్నాసి భార్య ఎల్లి ఏడవలేదు. మంగాయి వైపు తిరిగి, "నాడె దగ్గర నీకు ధర్మం గుర్తొచ్చింది. బిందె దగ్గర రాలేదేం?" అని అడిగింది.



రాజు సభ చేశాడు. దోరిశెట్టి ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ధర పెంచబట్టే జనం విషం తాగారు. శాసనం ఎత్తేయండి. పాతరోజులే మేలు."

సభ అంతా తలలూపింది. రాజు మొహం వాడిపోయింది.

అప్పుడు మంగాయి లేచింది. నిజం చెబితే తన అంగడీ మిగలదని ఆమెకు తెలుసు.

"ప్రభూ, శాసనం ఎత్తేయకండి. దానివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. మానగలిగినవాళ్లను మీ ధర ఆపింది. మానలేనివాళ్లు ఆ ధరను తమ పిల్లల నోటికాడి కూడుతో కట్టారు. కట్టలేనప్పుడు శెట్టిగారి పెరటికి పోయారు. కావాలంటే వెతికించండి. ఇక పెరిగిన ధర ఎవరికి చేరిందో అడిగారా? ఖజానాకు రాలేదు. మాకే చేరింది."

తెచ్చిన డబ్బు మూట విప్పి రాజు ముందు పెట్టింది. పక్కన ఇత్తడి బిందె కూడా పెట్టింది.

"ఇది నేను సంపాదించింది కాదు. వాళ్ల జబ్బు సంపాదించి పెట్టింది. అమ్మేవాళ్ల దగ్గర ఈ మిగులు వసూలు చేయండి. మానలేనివాళ్లకు వైద్యం చేయించండి, వాళ్ల పిల్లలకు గంజి పోయించండి."

భటులు పోయి వెతికితే దోరిశెట్టి పెరట్లో జాడీలు బయటపడ్డాయి. అతని అంగడిని పడగొట్టి, అతన్ని రాజ్యం దాటించారు. ఆ తర్వాత అంగళ్లు పెట్టినవాళ్లు మిగులు ఖజానాకు కట్టాలన్న మాటతో శాసనం నిలిచింది. మిగులు సొమ్ముతో ఏటి ఒడ్డున వైద్యశాల లేచింది. మంగాయి తన అంగడి మూసేసి, అక్కడ రోగుల దగ్గర పనికి కుదిరింది. అక్కడికి వచ్చినవాళ్లలో కొందరు బాగుపడ్డారు. కొందరు పడలేదు.

ఎల్లి రోజూ పిల్లను గంజికి పంపేది. తాను మాత్రం గుమ్మం బయటే నిలబడేది. మంగాయి ఎన్నిసార్లు పలకరించినా, ఒక్కసారీ మారు పలకలేదు. మంగాయి కూడా మన్నించమని అడగలేదు. పిల్ల గిన్నె నింపి, తల వంచుకుని లోపలికి పోయేది.

కాబట్టి బిడ్డలారా, ఎదుటివాడి బలహీనత మీద వచ్చే లాభం చట్టానికి సమ్మతమైనా సరే ధర్మానికి సమ్మతం కాదు. ఆ మాట ఒక ప్రాణం పోకముందే తెలుసుకోవాలి.