సోమాలు కొడుకు చెంచా చెక్కిన వైనం

ఏటికి అవతల అంకుడు చెట్ల తోపులో జంతువులన్నీ ఇరుగుపొరుగుగా కాపురం ఉండేవి. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలగానే ఎలుగుబంటి అప్పన్న పెద్ద మట్టిగిన్నె పొయ్యెక్కించి, పూలూ కొర్రలూ తేనే కలిపి పాయసం కాచేవాడు. ఆ తోపులో ఏడాదికి ఒక్కసారే దొరికే తీపి అది. తినాలంటే ఒక్కటే షరతు: పిల్లయినా పెద్దయినా ఎవరి చెంచా వాళ్లు చెక్కుకోవాలి. పెద్దవాళ్ల చెంచాలు ఎప్పటివో ఉంటాయి. కొత్తగా వయసొచ్చిన పిల్లలు మాత్రం పొయ్యి వెలిగించినప్పుడు మొదలుపెట్టి, గిన్నె దించేలోపు చెక్కడం ముగించాలి.

ఈ షరతు ఊరికే రాలేదు. ఇదివరకు అందరూ మూతులు పెట్టే తినేవాళ్లు. ఒక ఏడాది ముంగిస మూతి కొర్రముద్దలో ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి తీసేసరికి పాయసం గడ్డకట్టింది, ముంగిస హాయిగా నిద్రపోయింది. ఆ రోజే అప్పన్న, "చెంచా లేనివాళ్లకి వాసన మాత్రమే" అని తేల్చేశాడు.

పిల్లలకి చెక్కడం నేర్పేది వడ్రంగి పిట్ట. అందరూ మేస్త్రి అనేవాళ్లు. వనభోజనాలకి వచ్చిన మనుషులెవరో మరిచిపోయిన చిన్న చాకు మేస్త్రి దగ్గర ఉండేది. తోపు మొత్తానికి అదొక్కటే చాకు. చెంచా అంటే పెద్ద పనితనం కూడా కాదు. పచ్చి అంకుడు పుల్లని చిన్న తెడ్డులా పలచగా చెక్కితే చాలు, చివర గుంట మేస్త్రే ముక్కుతో తవ్వి పెట్టేవాడు.

ఆ ఏడు ముళ్లపంది సోమాలు కొడుకు గవరయ్యకి చెంచా వయసొచ్చింది. సోమాలుకి కంటి మీద కునుకు కరువైంది. ఆవిడ లోకంలో అన్నిటికీ భయపడేది, అందులోనూ మొన ఉన్నవాటికి మరీను. తన వీపు మీదా కొడుకు వీపు మీదా ఉన్నవి ఏమిటన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

"అమ్మా, నేనూ చెక్కుకుంటానే."

"చాకు తెగుతుందిరా నాన్నా."

"తెగడానికేగా చాకు!"

"పేడు గుచ్చుకుంటే?"

"మనకి గుచ్చుకోవడమేంటమ్మా? మనమే కదా అందరికీ గుచ్చుకునేది."

"ఎదురు మాటలు చెప్పకు. అవునూ, ఆ ముళ్లతో నువ్వు పక్క పిల్లల దగ్గర ఎలా కూర్చుంటావురా?"

అనుమానం రావడమే తడవు, సోమాలు బుట్టెడు మేడిపళ్లు కోసుకొచ్చి కొడుకు ముళ్లన్నిటికీ ఒక్కో పండు గుచ్చింది. గవరయ్య నాలుగు అడుగులు వేశాడో లేదో, మేక వెంటపడింది.

"పెద్దమ్మా, నేను చెట్టుని కాదు!" అని గవరయ్య పరిగెత్తాడు.

"కాకపోతే పళ్లెందుకు కాశావురా?" అంటూ మేక నములుతూనే తరిమింది.

ఇదంతా నక్క జంబయ్య చూశాడు. జంబయ్యకి చెంచా లేదు. చెక్కుకునే ఓపికా లేదు. ఏటా గిన్నె తోమిపెడతానని ముందుకొచ్చేవాడు, ఎందుకంటే గిన్నెలో మిగిలిందంతా తోమినవాడిదే. పిల్లల చెంచాలు ఎన్ని తగ్గితే మిగులు అంత పెరుగుతుందని ఆ రోజు అతని బుర్రకి తట్టింది.

"చెల్లెమ్మా," అన్నాడు సోమాలు గుమ్మం దగ్గర నిలబడి, కళ్లు తుడుచుకుంటూ. "నీ భయం చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. ఈ తోపులో పిల్లల గురించి ఆలోచించేది మనిద్దరమే."

"అంతే అన్నయ్యా! నేను చెబితే అందరూ నవ్వుతారు."

"నేను చెబితే నవ్వరు. చూస్తూండు."

సాయంత్రం జంబయ్య తల్లులందరినీ కూర్చోబెట్టి తన జాగ్రత్తలు చదివినట్టు గడగడా చెప్పాడు. చాకుని బండకి రుద్ది మొద్దు చెయ్యాలి. పిల్లల తలకి గుమ్మడి డొప్ప పెట్టాలి. చేతులకి అరటి పట్టలు చుట్టాలి. పిల్ల ఒక చెట్టు కింద, కర్ర ఇంకో చెట్టు కింద, చాకు మూడో చెట్టు కింద ఉండాలి.

"మరి చెక్కేదెలా?" అంది కుందేలు పైడమ్మ.

"మొదటి ఏడాది చూసి నేర్చుకుంటారు వదినా. రెండో ఏడాది ఊహించుకుంటారు."

"మూడో ఏడాదైనా చెక్కుతారా?"

"మూడో ఏడాదికి పెద్దవాళ్లవుతారు. చెంచాల మీద మోజు పోతుంది. ఎవరికీ గీతైనా పడదు."

మేస్త్రికి ఒళ్లు మండింది. "ఇదేం చోద్యం! కుదురుగా కూర్చోబెట్టి, చాకుని ఒంటి వైపు కాకుండా అవతలికి తొయ్యమంటే సరిపోదా?"

"మేస్త్రీ, పొద్దస్తమానం తలని చెట్టుకేసి బాదుకునేవాడివి. జాగ్రత్త గురించి నువ్వా చెప్పేది?" అన్నాడు జంబయ్య. అందరూ గొల్లుమన్నారు. మేస్త్రి రెక్క కింద తల పెట్టుకున్నాడు.

చాకు బండకి రుద్దేశారు.

సోమాలు కూడా ఆ రోజు కుదుటపడింది. కాకపోతే ఆవిడకి ఒక అలవాటుంది. దుంపైనా, వేరైనా, తాను ముందు కొరికి చూడనిదే కొడుకు నోటికి అందించదు. అందుకని చాకుని ఇంటికి తెచ్చుకుని, ఒక పుల్ల పట్టుకుని కూర్చుంది. మొద్దు చాకు పుల్ల మీద నిలవలేదు. గట్టిగా అదిమింది. ఇంకా గట్టిగా అదిమింది. ఒక్కసారిగా చాకు జర్రున జారి మోకాలి మీదకి దూకింది. వీపు మీంచి పక్కకి వాలిన ముళ్లలో చాకు చిక్కుకుని ఆగింది కాబట్టి సరిపోయింది.

సోమాలు మోకాలు తడిమి చూసుకుంది. తరవాత చాకు తీసుకుని మేస్త్రి చెట్టు కిందకి వెళ్లి, "బాబ్బాబు, దీనికి మళ్లీ పదును పెట్టు" అంది. పదునైన చాకు పట్టుకుని అదే పుల్లని తాకింది. బలం పెట్టకుండానే పలచటి పొర లేచి వచ్చింది.

"ఇదేం న్యాయం మేస్త్రీ? పదునున్నదానికి తక్కువ భయపడాలా?"

"పదునుంటే మాట వింటుందమ్మా. మొద్దుదానితో కుస్తీ పట్టాలి. కుస్తీలో ఎవరి మోకాలైనా పోవచ్చు."

పాయసం రోజు వచ్చింది. అప్పన్న పొయ్యి వెలిగించాడు. పిల్లలు దిగాలుగా ఒక్కో చెట్టు కింద కూర్చున్నారు. జంబయ్య గిన్నె పక్కనే నిలబడి పెదాలు తడుపుకుంటున్నాడు. సోమాలు చంకలో గుమ్మడి డొప్ప, నెత్తి మీద అరటి పట్టల మోపుతో వచ్చింది.

"అన్నయ్యా, నీ మొద్దు చాకు నా మోకాలు తీసేసేది."

"అయ్యో! మిగతా జాగ్రత్తలు పాటిస్తే తియ్యదమ్మా."

"అందుకే వచ్చాను. నా కొడుక్కి పెట్టేముందు ఎవరైనా వేసుకుని చూపించాలి కదా. నేను వేసుకుంటే నా ముళ్లకి చిరుగుతాయి. నువ్వైతే నున్నగా ఉంటావు."

తల్లులంతా చుట్టూ చేరి, "అవునవును, వేసుకో" అన్నారు. కాదంటే పరువు పోతుంది. జంబయ్య తల వంచాడు. సోమాలు డొప్ప పెట్టింది.

"చెవులు బయట ఉన్నాయన్నయ్యా. ఒకవేళ చెవి తెగితే?"

"చెవికి చాకెందుకొస్తుంది చెల్లెమ్మా?"

"మోకాలికి ఎందుకొచ్చింది?"

చెవులు కట్టారు. చేతులు చుట్టారు. ముక్కు సంగతేమిటని సోమాలు కంగారుపడితే ముక్కుకీ పట్ట చుట్టారు. వెనక నుంచి వస్తేనో అని పైడమ్మకి అనుమానం వచ్చింది, తోక కట్టేశారు. కాళ్లు రెండూ కలిపి కడితే పడిపోడని మేక అంది. జంబయ్య చూపించిన భయం నటన. సోమాలుది నిజం భయం. దానికి అడుగెక్కడుందో ఆవిడకే తెలీదు.

చివరికి అరటి బోదె లాంటిదొకటి నిలబడి ఉంది, దాని లోపల జంబయ్య ఉన్నాడు.

"ఇప్పుడు చెంచా చెక్కి చూపించు అన్నయ్యా."

"ఎలా చెక్కుతాను? చెయ్యి కదలదు!" అని పట్టల లోపలి నుంచి వినిపించింది.

సోమాలు ఆ బోదె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "నువ్వే చెక్కలేనప్పుడు నా కొడుకెలా చెక్కుతాడు? నా కొడుకు పాయసం ఎలా తింటాడు?"

గిన్నెలో కొర్రలు కుతకుతలాడుతున్నాయి.

"మేస్త్రీ," అంది సోమాలు. "చాకు ఇలా తెచ్చి, నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను. గవరయ్యా, ముళ్లకి మిగిలిన ఆ పళ్లు తీసెయ్యి. కూర్చో."

మేస్త్రి చాకు తెచ్చి గవరయ్య ముందు నేల మీద పెట్టాడు. "నిలబడి చెక్కకూడదు. ఒళ్లో పెట్టుకోకూడదు, మోకాళ్లకి అవతల పెట్టుకోవాలి. చుట్టూ రెండు తోకల మేర ఎవరూ ఉండకూడదు. చాకు నీ నుంచి దూరంగా పోవాలి. పక్కవాడికి ఇవ్వాలంటే నేల మీద పెట్టు, చేతికివ్వకు. తొందర అస్సలు వద్దు."

గవరయ్య చెక్కాడు. పొర మీద పొర లేచింది. సోమాలు ఒక కన్ను మూసి, రెండో కంటితో చూసింది. తరవాత కుందేలు పిల్ల, ఆ తరవాత ఉడుత పిల్ల చెక్కారు. గిన్నె దించే వేళకి అందరి చేతుల్లోనూ చెంచాలున్నాయి.

"ఇది చెంచానా, వంకర దుంపా?" అన్నాడు అప్పన్న గవరయ్యది చూసి.

"పాయసం నిలుస్తుంది తాతా. కావాలంటే పోసి చూడు."

నిలిచింది. అందరూ గిన్నె చుట్టూ చేరారు. అరటి బోదె గెంతుకుంటూ వచ్చి బోర్లా పడింది.

"ఒరేయ్ గవరయ్యా! మేనమామ లాంటివాణ్ని! ఈ కట్లు చాకుతో ఒక్క కోత కోసెయ్యరా, గిన్నె అయిపోతోంది!"

గవరయ్య గబగబా వచ్చాడు, కానీ చాకు తేలేదు. "ఒంటి మీద ఉన్నదాన్ని చాకుతో కొయ్యకూడదు మావయ్యా. చర్మం తెగుతుంది. ముడులు చేత్తో విప్పుతాను."

"ఎన్ని ముడులున్నాయో చూశావా?"

"అమ్మ వేసింది కదా, చాలానే ఉన్నాయి. కదలకు, తొందర అస్సలు వద్దన్నాడు మేస్త్రి."

ఒక ముడి విప్పి, వెళ్లి ఒక చెంచా పాయసం తిని, వచ్చి ఇంకో ముడి విప్పాడు. మూతి బయటికి వచ్చేసరికి జంబయ్యకి కనిపించింది అద్దంలా మెరుస్తున్న గిన్నె అడుగు. చెంచాలతో అంత శుభ్రంగా గీకారు.

"తోముతానన్నావు కదా జంబయ్యా, పట్టుకుపో" అన్నాడు అప్పన్న.

నీతి: చెయ్యి కట్టేసేవాడు జాగ్రత్తపరుడు కాడు, పక్కన కూర్చుని నేర్పేవాడే జాగ్రత్తపరుడు.