బీట పక్క బొగ్గు

సోమనర్సయ్య సారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. భూగర్భశాస్త్రం నేర్పే మనిషి కదా, ఏదడిగినా ముందు నేల చూసేవారు.

మాతోపాటు ఆయన దగ్గరే చదివిన భూమేశ్వర్ ఒకరోజు రెండు బొగ్గుముక్కలు తెచ్చి సారు బల్లమీద పెట్టాడు. కొత్తగా చేరిన సుగుణ గోదావరి ఒడ్డున రెండు బోర్లలోంచి తీయించినవవి. ఆమె రాసిన చీటీల ప్రకారం నల్లగా నిగనిగలాడేది మొదటి బోరు పైపొరది, మట్టిరంగుది రెండో బోరులో బాగా లోతులోది. బొగ్గు లోతుకు పోయినకొద్దీ వేడికి పండి నల్లబడుతుందని మాకు మొదటిరోజే నేర్పుతారు. కాబట్టి సుగుణ చీటీలు తారుమారు చేసిందనీ, అలాంటి మనిషిని పంపించెయ్యాలనీ వాడి వాదన. అసలు బాధ వేరు. సారు ఆ ఏడు రిటైరవుతూ తన మైక్రోస్కోపు ఎవరి చేతిలో పెడతారోనని వీడికి కంటిమీద కునుకు లేదు. ఆ పిల్ల నవ్వినా కడుపుమంటే, నవ్వకపోయినా కడుపుమంటే. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇన్నేళ్ళుగా మీ దగ్గర పడున్నది నేను సార్. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి నాకంటే ఎక్కువ ఎలా తెలుస్తుంది?"

సారు మర్నాడు మమ్మల్ని మొదటి బోరు దగ్గరికి తీసుకుపోయారు. సుగుణ అక్కడే ఉంది, పక్కన సారు మైక్రోస్కోపు పెట్టె. గొట్టంలోంచి వస్తున్న నీళ్ళలో చెయ్యి పెట్టమంటే భూమేశ్వర్ పెట్టి, చుర్రుమనేసరికి లాక్కున్నాడు. అక్కడ నేలలో పెద్ద బీట ఉందనీ, అడుగునుంచి వేడినీళ్ళు యుగాలుగా ఆ బీట వెంట పైకెక్కి పక్కనున్న బొగ్గును ఉడికించాయనీ సుగుణ చెప్పింది. దూరంగా ఉన్న రెండో బోరులో ఎంత లోతుకు దిగినా బొగ్గు పచ్చిగానే ఉందట. చీటీలు తప్పు రాశానేమోనని తానూ భయపడిందట. ఏమీ అర్థం కావడం లేదని సారుతో మొరపెట్టుకుంటే ఆయనే ఇక్కడికి తెచ్చి చూపించారని దాచుకోకుండా చెప్పింది.

భూమేశ్వర్ మొహం మాడిపోయింది. వాడి కళ్ళు ఆ పెట్టెమీదే ఉన్నాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?" అన్నాడు. ఆ గొంతులో ఇంకా ఏడుపే.

సారు జేబులోంచి మట్టిరంగు ముక్క తీసి వాడి అరచేతిలో పెట్టారు.

"రెండో బోరు చుట్టూ నేనూ చాలా వెతికాను నాయనా. వేడి ఎక్కడానికి ఒక్క బీటైనా దొరకలేదు."