తుంగమడుగు హాజరు పలక

శ్రావణ శుద్ధ పంచమి, బుధవారం నాడు తుంగమడుగులో నీటికోడి సూరమ్మకి అన్యాయం జరిగింది. చేసినవాడు సభ గుమాస్తా నక్క చలమయ్య. చేయించినవాడు గుత్తేదారు తోడేలు. అందులో సూరమ్మ చెయ్యి కూడా కొంత ఉంది. అది దాచిపెడితే ఈ కథ చెప్పడం దండగ.

మడుగు పూడ్చి నలభై అంగళ్ల బజారు కడతానని తోడేలు అర్జీ పెట్టుకున్నాడు. అనుమతి ఇవ్వాలో వద్దో సభ తేల్చాలి. సూరమ్మ గూడు ఆ మడుగు తుంగలోనే ఉంది. గూట్లో ఆరు గుడ్లు, పొదగడం మొదలై రెండ్రోజులు. మొగుణ్ణి గుడ్ల మీద కూర్చోబెట్టి ఆమె గడప గడపా తిరిగింది.

"ఏం వదినా, నెమరేసుకుంటూ కూర్చుంటే సరిపోయిందా? ఎండాకాలం నీ దూడకి నీళ్ళు అంగట్లో కొంటావా?" అని గేదెని లేపింది.

"నాకెందుకే సూరమ్మా, నేను చెట్టు మీద బతికేదాన్ని" అంది ఉడుత.

"ఆ చెట్టు బతికేది మడుగు నీళ్ళతో. కదులు."

అలా పోగేసింది అందర్నీ. సభ పుట్టాక అంత జనం ఎప్పుడూ రాలేదు.

తుంగమడుగు సభకి ఓ ఆచారం ఉంది. వాకిట్లో తడి బంకమట్టితో పలక పరుస్తారు. వచ్చిన ప్రతి ప్రాణీ దాని మీద ఒక అడుగు వేసి లోపలికి పోవాలి. అదే హాజరు. ఎండాక నక్క దాన్ని తన బొరియలో భద్రం చేస్తాడు. తాతల నాటినుంచీ అంతే, ఎవరూ అడిగింది లేదు.

ఆ రోజు కుందేలు సోమన్న పలక దగ్గర ఆగాడు.

"చలమయ్యా, పైన జానెడు ఖాళీ వదిలావేం?"

"చర్చ అయ్యాక జరిగింది రాయొద్దూ? ముందే రాస్తే మీరే తిట్టిపోస్తారు" అన్నాడు నక్క, మట్టి చదును చేస్తూ.

"అయితే నువ్వు రాశాకే కాలు పెడతా."

వెనక వరస ఆగిపోయింది. సూరమ్మకి ఒళ్ళు మండింది. "ఏరా సోమా, నీ వకీలు తెలివంతా ఇప్పుడే బయటికొచ్చిందా? మన జనం పలచగా కనిపిస్తే తోడేలు నవ్వడూ?"

"అత్తా, ఒక్క మాట విను..."

"విన్నాలే. పెట్టు కాలు."

వీపు మీద రెక్కేసి తోసింది. సోమన్న కాలు పెట్టాడు. కప్పల్ని కూడా ఒక్కొక్కదాన్నే ఆపి, అడుగు సరిగ్గా పడిందో లేదో వంగి చూసింది. తన అడుగైతే వేలు వేలూ తెలిసేట్టు గట్టిగా నొక్కింది.

సభలో ఆమెకి ఎదురు లేదు. "నీళ్ళమ్ముకుని అంగళ్ళు కట్టినవాడు రేపు దాహమేస్తే ఆ అంగళ్ళు తాగుతాడా?" అని నిలదీసింది. గేదె మాట్లాడింది, ఉడుత మాట్లాడింది, జన్మలో నోరు విప్పని తాబేలు కూడా వద్దనే అంది. తోడేలు ఒక మూల పడుకుని పంజా నాక్కుంటూ విన్నాడు. నక్క మాటమాటకీ తలాడించాడు. అధ్యక్షుడు ముసలి ఎద్దు బసవయ్య, "అందరి మాటా విన్నాం, ఇక ఇళ్ళకి పొండి" అని లేచాడు.

"వాడు కిక్కురుమనలేదయ్యా" అని సూరమ్మ మొగుడితో చెప్పుకుని మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎండిన పలకని సభ వాకిట్లో నిలబెట్టారు. పైన ఖాళీలో నక్క గోటిరాత: "మడుగు పూడ్చి బజారు కట్టుటకు ఈ కింద అడుగు వేసినవారందరూ సమ్మతించిరి. మొత్తం నూట నలభై రెండు అడుగులు."

సూరమ్మ ఆ రాత రెండుసార్లు చదివింది. తిన్నగా నక్క మీదికి పోయింది. "మేమంతా వద్దన్నాం కదరా."

"అన్నారక్కా, నా చెవులారా విన్నాను. కానీ మాట్లాడింది గాలికి పోయింది, మట్టి మీదున్నదే రికార్డు."

"అది హాజరు."

"హాజరని ఎక్కడ రాసుందో చూపించు."

చూపించడానికి ఏమీ లేదు. బసవయ్య దగ్గరికి పరుగెత్తింది.

"నేనేం చెయ్యనమ్మాయ్" అన్నాడు ఎద్దు, కళ్ళు ఎత్తకుండా. "అందులో నా గిట్ట కూడా ఉంది. పదిమందే వచ్చుంటే సభ చెల్లదని కొట్టేసేవాణ్ణి. ఇంతమంది అడుగులున్న పలకని ఎట్లా కాదంటాను?"

దారిలో సోమన్న ఎదురయ్యాడు. తల వంచుకుని పక్కకి తప్పుకున్నాడు. ఒక తిట్టు తిట్టినా సూరమ్మకి ఊరటగా ఉండేది.

ఆ షష్ఠి నాడే ఆమె పలక మీది రాత అబద్ధమని అర్జీ రాయించి నక్క చేతిలో పెట్టింది. "విచారణ అయ్యేదాకా మట్టి పడదుగా?" అని అడిగింది.

"అర్జీ ఉండగా ఎట్లా పడుతుందక్కా" అని నక్క దాన్ని కళ్ళకద్దుకుని కట్టలో పెట్టాడు.

శ్రావణ బహుళ అష్టమి నాడు తోడేలు కూలికి పనిచేసే అడవిపందుల్ని దింపాడు. గట్టంతా పెళ్ళగించి మడుగులోకి తోశాయి. గుడ్లు ఇవాళో రేపో పగలాలి. లోపల్నుంచి చిన్నగా పొడుస్తున్న చప్పుడు కూడా మొదలైంది. మొగుడూ పెళ్ళాం ముక్కుతో ఎత్తగలిగింది ఒక్క గుడ్డు. అదీ దారిలో చితికింది. మధ్యాహ్నానికి తుంగ కనపడలేదు.

మర్నాడు పొద్దున్నే సూరమ్మ ఆ బురద ఒంటితోనే సభకి పోయి, తన అర్జీ ఏమైందని అడిగింది. నక్క నిదానంగా కట్ట విప్పి చూపించాడు. పని మొదలయ్యాక వచ్చిన అర్జీ చెల్లదని కింద రాసుంది.

ఖాళీ పలక మీద అడుగు వేసినవాళ్ళు, రాసేవాడికి తమ నోరు అప్పగించినట్టే.

అర్జీ మీద నక్క వేసిన తేదీ: అందినది, శ్రావణ బహుళ నవమి, సోమవారం.